పాత మహీంద్రా జీపు వెనక హౌసింగ్ (ఇరుసు, గేర్లు ఉండే పెట్టె) ఏదో తేలడం లేదు

రాళ్ళదారి:
78 మోడల్ సీజే3బీ. ఎప్పుడో పెట్రోల్ ఇంజన్ దించేసి డీజిల్ ఎక్కించారు. కుడి వెనక చక్రం దగ్గర ఆయిల్ కారి బ్రేక్ షూలు తడుస్తున్నాయి. సీళ్ళు, బేరింగ్ కొందామంటే షాపులో "ఏ హౌసింగ్?" అంటున్నారు. గేర్ల రేషియో రాసి ఉండే ట్యాగ్ లేదు. వెనక కవర్‌కి 10 బోల్టులు, డిఫరెన్షియల్ ఉబ్బు కుడివైపుకి జరిగి ఉంది, డ్రమ్ము మధ్యలో కాటర్ పిన్‌తో పెద్ద నట్టు. కొన్నప్పటి నుంచీ ముందు ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు. టైర్లు 6.00-16. ఫోన్ జీపీఎస్‌లో వేగం 50 ఉంటే మీటర్‌లో 45 చూపిస్తోంది. ఎలా పోల్చాలి?

గ్రీజుచేతులు:
సగం మీరే చెప్పేశారు. ఉబ్బు కుడికి ఉందంటే స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేస్‌కి (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే గేర్ పెట్టెకి) సరిపోయే జీపు హౌసింగే. అది సరిగ్గా మధ్యలో ఉంటే వేరే బండిది తెచ్చి వేశారనుకోవాలి.

10 బోల్టుల కవర్ ఒక్కటే చూసి డానా 44 హౌసింగ్ అనేయకండి, రెండో ప్రపంచ యుద్ధకాలం జీపుల డానా 23-2కీ పదే. తేడా చక్రం దగ్గర తెలుస్తుంది. 23-2 ఫుల్ ఫ్లోటింగ్ (బండి బరువు రాడ్డు మీద పడదు): హబ్ బయటికి పొడుచుకొచ్చి, దాని మీద ఫ్లాంజ్ 6 బోల్టులతో ఉంటుంది. మీది మధ్యలో నట్టు, అంటే కోసుగా ఉన్న యాక్సిల్ రాడ్డు, సెమీ ఫ్లోటింగ్ (రాడ్డే బరువూ మోస్తుంది). ఇక వైర్ బ్రష్‌తో ఉబ్బు కింద, ట్యూబు చేరే చోట ఉన్న పక్కటెముకలాంటి పట్టీలు గీకండి. బురద, పాత పెయింటు రాలాక పోతలోనే 44 అంకె కనబడాలి. 41 అని కనబడితే అది దాని అన్న, పాతది. అంకె చెప్పి సీలు కొనండి. రాడ్డు కూడా మార్చేటట్టయితే లోపలి చివర స్ప్లైన్లు (గాడి పళ్ళు) లెక్కపెట్టాకే ఆర్డర్ ఇవ్వండి, 10వీ ఉన్నాయి, 19వీ ఉన్నాయి.

పళ్ళలెక్క:
హౌసింగ్ పేరు కన్నా నాకు ఆ మీటర్ తేడా మీదే అనుమానం. ఈ జీపులో మీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది. కంపెనీ రేషియో 5.38 (43/8, అంటే పెద్ద క్రౌన్ గేరుకి 43 పళ్ళు, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కి 8). దాని బదులు 4.88 (39/8) పడితే షాఫ్ట్ తక్కువ తిరుగుతుంది, 50కి మీటర్ 45 దగ్గరే ఆగుతుంది. పెద్ద టైర్లేసినా ఇలాగే తగ్గుతుంది గానీ మీవి అసలు సైజే.

కవర్ విప్పకుండానే తేల్చుకోవచ్చు. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలపండి, జాకీని నమ్మొద్దు. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వదలండి. పాత జీపుల్లో అది ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక డ్రమ్ముని పట్టుకుంటుంది, వదలకపోతే షాఫ్ట్ కదలదు. షాఫ్ట్ మీద సుద్దగీత గీయండి. ఒకరు ఎడమ చక్రం కదలకుండా పట్టుకోవాలి, ఒకరు కుడి చక్రాన్ని సరిగ్గా 20 చుట్లు తిప్పాలి, ఇంకొకరు షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాలి. ఒక చక్రమే తిరుగుతోంది కనక క్రౌన్ 10 చుట్లే తిరుగుతుంది. షాఫ్ట్ 53¾ అయితే 43/8. 48¾ అయితే 39/8. 42¾ దగ్గరైతే 47/11. 37¼ అయితే 41/11. రెండు చుట్లు తిప్పి చూసి చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి, అందులో 43/8కీ 39/8కీ తేడా అర చుట్టే, పొరపాటు పడొచ్చు.

ముందు హౌసింగ్‌కీ ఇదే లెక్క చేయండి.

రాళ్ళదారి:
పట్టీ మీద 44 ఉంది. వెనక 48¾, ముందు 53¾.

పళ్ళలెక్క:
అదీ సంగతి. డీజిల్ వేసినవాళ్ళు వెనకది మార్చి, ముందుది వదిలేసి, గొడవ లేకుండా షాఫ్టే తీసేసి ఉంటారు. ఆ షాఫ్ట్ తెచ్చి బిగించి తారు రోడ్డు మీద 4x4 వేశారో, ముందు వెనకలకి 10 శాతం తేడా కాబట్టి కేసు బిగుసుకుపోయి లివర్ బయటికి రాదు, తర్వాత క్రాసులు (షాఫ్ట్ కీళ్ళు) విరుగుతాయి. డీజిల్ ఎలాగూ ఎక్కువ తిరగదు, కాబట్టి ముందుదాన్నే 39/8కి తెండి. యుద్ధకాలం జీపుల ముందు హౌసింగ్ డానా 25లో వచ్చింది ఆ రేషియోనే. క్రౌన్, పినియన్ ఒకే నంబరు ఉన్న జోడీగా కొనండి. బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ళ మధ్య వదులు) 0.13 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉండాలి.

గ్రీజుచేతులు:
లీకు సంగతి: సీలు కొనే ముందు హౌసింగ్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం బిరడా) తీసి ఊదండి. మట్టితో మూసుకుపోతే లోపలి గాలి వేడెక్కి కొత్త సీలు నుంచి కూడా ఆయిల్‌ని తోసేస్తుంది. ఈ రకంలో సీళ్ళు రెండు: ట్యూబు లోపలిది గేర్ ఆయిల్‌ని, బయటది బేరింగ్ గ్రీజుని ఆపుతాయి. షూల మీద పల్చని ఆయిల్ కనబడితే పోయింది లోపలిది.

డ్రమ్ముకి పుల్లర్ పెట్టండి. రాడ్డు చివర సుత్తితో కొడితే మరలు పాడవుతాయి, పైగా రెండు రాడ్లూ లోపల ఒకే దిమ్మకి ఆనుకుని ఉంటాయి, దెబ్బ అక్కడిదాకా పోతుంది. అందుకే బ్యాకింగ్ ప్లేటు (బ్రేక్ షూలు బిగించే పళ్ళెం) వెనక షిమ్ములు (పల్చని రేకులు) ఏ వైపు ఎన్ని ఉన్నాయో రాసుకుని తీయండి, ఒక పక్క మారిస్తే ఆట (రాడ్డు లోపలికీ బయటికీ కదిలే వదులు) రెండు పక్కలా మారుతుంది. రాడ్డు ఆట 0.1 నుంచి 0.2 మి.మీ. నట్టు కనీసం 20 కిలోగ్రామ్-మీటర్ల టార్క్ (బిగింపు బలం). కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించండి, వెనక్కి తిప్పొద్దు, కోసు మీద డ్రమ్ము వదులైతే దాన్ని రాడ్డుతో కలిపి తిప్పే కీ (చిన్న ఇనుప ముక్క) తెగుతుంది. ఈపీ 90 గేర్ ఆయిల్ సుమారు 1.2 లీటర్లు, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా. అంతకు మించితే మళ్ళీ షూల మీదకే.