షార్ట్‌కట్‌ను 'అడ్డదారి' అనొచ్చా?

ప్రశ్న (తిరుపతి): బాలాజీ కాలనీలో డీటీపీ షాపు మాది. కొత్తగా చేరిన పిల్లోళ్ల కోసం పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు రాసి పనులు చేయించేది) మీద తెలుగులో రెండు పేజీలు రాస్తా ఉండా. షార్ట్‌కట్‌ను ఏమని రాయాల? 'సత్వరమార్గం' నోరు తిరగదు. 'అడ్డదారి' అంటే ఏదో దొంగపని నేర్పిస్తున్నట్టు ఉంది.

చంద్రగిరి: 'దగ్గరదారి' అనండి సార్. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మా పక్క శ్రీవారి మెట్టు నుంచి 2,388. దాన్ని ఎవరన్నా అడ్డదారి అంటారా?

చిత్తూరు: మెట్ల లెక్క బాగుందన్నా. కానీ డెస్క్‌టాప్ మీద ఉండేది దారే కాదు. డాట్ ఎల్ఎన్‌కే అనే చిన్న ఫైలు. అసలుది యాడుందో అందులో రాసుంటుంది. స్క్రిప్టుతో చేస్తే ఇది తేటగా తెలుస్తుంది. విండోస్‌లో ఉండే డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ షెల్ అనే సాధనాన్ని పిలిచి, అందులోని క్రియేట్‌షార్ట్‌కట్ అనే ఆదేశానికి కొత్త ఫైలు పేరు, పెట్టాల్సిన చోటు ఇస్తాం. టార్గెట్‌పాత్‌లో అసలు ఫైలో ఫోల్డరో ఉన్న చోటు రాస్తాం. ఆఖర్న సేవ్. పేరులో 'క్రియేట్' ఉందని మురిసిపోవద్దు, సేవ్ అనేదాకా డిస్కు మీద ఏమీ పుట్టదు. పేరు చివర డాట్ ఎల్ఎన్‌కే గానీ డాట్ యూఆర్ఎల్ గానీ లేకుంటే ఒప్పుకోదు కూడా. ఆ చిన్న ఫైలు తీసేసినా అసలుదానికి ఏమీ కాదు.

పలమనేరు: అట్లయితే 'జాడ' అనేయండి. 'వాడి జాడ తెలిసిందా' అంటాం కదా. 'ఈ ఫోల్డరుకు డెస్క్‌టాప్ మీద జాడ పెట్టు' అంటే సరిపోలా?

చంద్రగిరి: మరి కాపీకి నొక్కే కంట్రోల్ సీ? అదీ షార్ట్‌కట్టే. దానికి జాడ ఎట్లా కుదురుతుంది?

పలమనేరు: దానికి మీ దగ్గరదారే ఉంచండి. ఇంగ్లీషోళ్లు ఒక్క మాటతో రెండు పనులు నెట్టుకొస్తుంటే మనమూ అట్లే చేయాలనేముంది?

చిత్తూరు: లినక్స్‌లో ఎల్ఎన్ మైనస్ ఎస్ అనే ఆదేశంతో చేసే సింబాలిక్ లింకును మాత్రం ఇందులో కలపొద్దు. దాన్ని ప్రోగ్రాము తెరిస్తే అసలు ఫైలే తెరుచుకుంటుంది. డాట్ ఎల్ఎన్‌కేను పైథాన్‌లో తెరిచి చూడండి, అసలుది రాదు, ఆ చిన్న ఫైలులోని బైట్లే వస్తాయి.

తిరుపతి: సరే. ఫైలుకూ ఫోల్డరుకూ జాడ, మీటలకు దగ్గరదారి. మొదటిసారి వచ్చిన చోట షార్ట్‌కట్ అని పక్కనే రాస్తా, లేకుంటే 'సార్, మెనూలో జాడ యాడుంది' అని అందరూ నా మీదికే వస్తారు. లినక్స్ జోలికి ఇప్పుడు పోను.