బాబుకి సదరం (వైకల్య సర్టిఫికెట్) స్లాట్ దొరకట్లేదు, ఏటి చెయ్యాలి?

పర్లాకిమిడి అమ్మ: పొద్దున్న తొమ్మిదికి మొదలెట్టాను, ఇప్పుడు మూడయింది. పాతపట్నం మీసేవకి వెళ్తే సచివాలయానికి పొమ్మన్నారు. అక్కడ ఆధార్ కొట్టి ‘మీ పేర్లు ఇక్కడ లేవమ్మా’ అన్నారు. వాణ్ని చంకనేసుకుని రెండు ఆటోలు మారాను, దారంతా ఏడుపే. డాక్టరు ఆటిజం అని చీటీ రాసిచ్చి మూడు నెలలైంది. సర్టిఫికెట్ లేందే థెరపీ కూడా లేదంటున్నారు. బుర్ర పని చెయ్యట్లేదు.

రాయగడ: వయసెంత? ఆధార్ ఏ రాష్ట్రం?

విశ్రాంత మాస్టారు: ముందు ఫోను లాక్కోండమ్మా. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, టీవీలో హిందీ. పసివాడికి మాటెలా వస్తుంది? ఒకటే భాష పెట్టండి, ఒడియా అయితే బడికీ పనికొస్తుంది. మందబుద్ధి పిల్లలకి...

రాయగడ: ఆటిజం, బుద్ధిమాంద్యం ఒకటి కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో రెండూ విడివిడిగా ఉన్నాయి.

విశ్రాంత మాస్టారు: పేరేదైతేనేం, జబ్బు జబ్బే కదా.

బరంపురం అక్క: జబ్బు కాదు మాస్టారూ. రెండు భాషలు వినడం వల్లా రాదు, ఫోను వల్లా రాదు. అమ్మీ, నువ్వు తెలుగే మాట్లాడు. నీకే సరిగ్గా రాని ఒడియా పెడితే వాడు వినే నాలుగు మాటలూ తగ్గిపోతాయి. నీ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తే ‘నీళ్లు’ అని ఒక్క మాటే అను, కాస్త ఆగు, అప్పుడు ఇవ్వు. చెవి పరీక్ష అయిందా? బెరా అంటారు. మాట రాని పిల్లలకి తప్పకుండా చూడాల్సింది అది.

పర్లాకిమిడి అమ్మ: బెరా అయింది, బాగానే ఉంది. నాలుగేళ్లు. ఆధార్ ఒడిశాదే, పుట్టిల్లు పాతపట్నం కదా అని అక్కడికెళ్లాను. చెప్పలేదా?

రాయగడ: లేదు. సదరం ఆంధ్రాది. మీరు యూడీఐడీకి, అంటే కేంద్రం ఇచ్చే వైకల్య కార్డుకి పెట్టాలి. స్వావలంబన్ పోర్టల్, జిల్లా గజపతి.

బరంపురం అక్క: థెరపీకి సర్టిఫికెట్ కోసం ఆగకు. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం, ఎక్కడని అడుగు. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల వరకూ ఉచితం. సర్టిఫికెట్ వచ్చాక నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పెట్టుకో, ఏడాదికి లక్ష వరకూ, థెరపీ ఖర్చూ అందులో వస్తుంది. ఇంకో మాట. సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ల బోర్డు ముందు పిల్లాడు పది నిమిషాలు బుద్ధిగా కూర్చుంటే ‘బానే ఉన్నాడే’ అనేస్తారు. వాడు చేతులాడించడం, పిలిస్తే పలక్కపోవడం, రాత్రి నిద్రపోకపోవడం వీడియోలు తీసి పట్టుకెళ్లు. ఫోను అందుకు పనికొస్తుంది మాస్టారూ.

విశ్రాంత మాస్టారు: మా మనవడికీ నాలుగేళ్లు దాటాకే మాటొచ్చింది. కంగారు పడకండి అంటున్నానంతే.

బరంపురం అక్క: మీ మనవడికి వచ్చింది, సంతోషం. ఆగి చూద్దాం అన్నవాళ్ల పిల్లలు ఏడేళ్లకి నా దగ్గరికి వస్తున్నారు.

రాయగడ: చిన్నపిల్లలకి తాత్కాలిక పత్రమే ఇస్తారు, గడువయ్యాక మళ్లీ వెళ్లాలి. తేదీ చూసుకోండి. ఆటిజం అనే రాశారో లేదో కూడా అక్కడే చూసుకోండి.

పర్లాకిమిడి అమ్మ: పోర్టల్ తెరిచాను. ఫొటో ఎక్కట్లేదు.

రాయగడ: సైజు తగ్గించండి.

పర్లాకిమిడి అమ్మ: కరెంటు పోయింది. వాడు లేచాడు. రేపు చూస్తాను అక్కా, థాంక్స్.

సిరోంచ: మాది మహారాష్ట్ర, ఆధార్ మాత్రం తెలంగాణది. మాకూ ఇదే పోర్టలా? పాపకి ఆరేళ్లు.