‘గెల్‌మిష్’ అంటే ‘వచ్చాడట’ అనుకోవచ్చా?

టర్కిష్ నేర్చుకుంటున్నాను. విభక్తులు మనకి అంత కొత్తగా అనిపించవు. ‘ఎవ్’ ఇల్లు, ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ మా ఇళ్ల నుంచి. తిప్పలంతా భూతకాలంతోనే, ఎందుకంటే అవి రెండున్నాయి. ‘గెల్ది’ చూసిన భూతకాలం, ‘గెల్‌మిష్’ తెలుసుకున్న భూతకాలం అని వాళ్ల వ్యాకరణమే పేర్లు పెట్టింది. ఓహో, మన ‘ట’ కదా అనుకుని గెల్ది అంటే వచ్చాడు, గెల్‌మిష్ అంటే వచ్చాడట అని నోట్సులో రాసేసుకున్నాను. మొన్న పాఠంలో ఒకడు పొద్దున్నే కిటికీ తెరిచి ‘కర్ యామిష్’ అన్నాడు. మంచు కురిసిందట? వాడికెవరు చెప్పారు?

— ఎవరూ చెప్పలేదండీ, నేల తెల్లగా కనబడింది. మనమైతే ‘మంచు కురిసినట్టుంది’ అంటాం. చెవిన పడితే ‘ట’, ఆనవాలు చూసి పోల్చుకుంటే ‘నట్టుంది’ అని మనం రెండుగా విడదీసుకున్నాం. వాళ్లకి రెండింటికీ ‘మిష్’ ఒక్కటే. జరుగుతున్నప్పుడు నాకు తెలీదు, తర్వాత తెలిసింది, అంతే దాని లెక్క. బస్సులో కునుకు తీసి లేచినవాడు ‘ఉయుముషుమ్’ అంటాడు. దాన్ని ‘నిద్రపోయానట’ అని తెలుగు చేస్తే పక్కవాడి మీద నేరం మోపినట్టుంటుంది! ‘అరె, నిద్ర పట్టేసిందే’ అనాలి.

అలాగని మీ నోట్సు కొట్టేయకండి. ‘దొక్తొర్‌ముష్’ డాక్టరట. ‘నియే గెల్‌మెమిష్?’ ఎందుకు రాలేదట? వెటకారం కూడా అచ్చం మనదే: ‘చోక్ అకిల్లియ్‌మిష్!’ మహా తెలివైనవాడట!

— మరి 1453లో ఇస్తాంబుల్‌ని జయించడం గురించి ‘ఫెత్‌హెత్తి’ అని ‘ది’ రూపంలోనే రాస్తారు కదా. రాసినవాడు చూశాడా ఏమిటి?

— చూడక్కర్లేదు. అందరూ ఒప్పుకున్న సంగతికి ‘ది’ చాలు. కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కాడు అంటాం గానీ ఎక్కాడట అనం కదా. అంటే ఏదో అనుమానం ఉన్నట్టే. ‘చూసిన’ అన్న పేరే కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఈ తేడాని 11వ శతాబ్దంలోనే మహమూద్ కష్గరీ తన తుర్కీ నిఘంటువులో అరబ్బీ చదువరుల కోసం వివరించాడు.

— ఒక్క ముక్క కలుపుతాను. వాళ్ల కథలు ‘బిర్ వర్‌మిష్, బిర్ యోక్‌ముష్’ అని మొదలవుతాయి. ఒకప్పుడు ఉందట, ఒకప్పుడు లేదట. (యోక్‌లో ఓకారం ఉంది కాబట్టి మిష్ కాస్తా ముష్ అయింది.) మన ‘అనగనగా’లో ఉన్నది కూడా ‘అనడం’ అన్న మాటే.

— భలే! మా అమ్మమ్మ రాజుకి ఏడుగురు కొడుకులట, వేటకి వెళ్లారట, ఏడు చేపలు తెచ్చారట అని చెప్పేది. పాపం, కథంతా మిష్‌లోనే నడిపిందన్నమాట.