అప్‌డేట్: థియేటర్ పీజీలో సీటు వచ్చింది

బీకాం అయ్యాక థియేటర్‌లో పీజీ చేయాలా, బ్యాంకు కోచింగ్‌కు పోవాలా అని అడిగిన అనంతపురం కుర్రాణ్ణి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) థియేటర్ ఆర్ట్స్‌లో సీటు వచ్చింది. రెండేళ్ల కోర్సు. కొందరు ఢిల్లీ ఎన్‌ఎస్‌డీకి (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) పెట్టమన్నారు గానీ, అది మూడేళ్ల డిప్లొమా. నాకు కావలసింది డిగ్రీ. రేపు లెక్చరర్ పోస్టులకు అప్లై చేయాలన్నా పీజీ పనికొస్తుంది.

సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్ సీయూఈటీ రాత పరీక్ష పెద్ద టెన్షన్ పెట్టలేదు. అసలు కథ ప్రాక్టికల్‌లోనే. ఊళ్లో పద్య నాటకాలు వేసిన అలవాటుతో గొంతెత్తి దుర్యోధనుడి డైలాగు మొదలుపెట్టా. ఎగ్జామినర్లు సగంలో ఆపారు. "ఇదే మాట బస్టాండులో పక్కనోడికి మాత్రమే వినపడేలా చెప్పు" అన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు! చివరికి మన సీమ యాసలో, మెల్లగా, పళ్లు కొరుకుతూ చెప్పా. అప్పుడే తలెత్తి చూశారు. ప్రిపేరయ్యేవాళ్లు ఒకే పీసును రెండు మూడు రకాలుగా చేసి చూసుకోండి.

ఇంట్లో? నాయన వాదన మాత్రం గట్టిదే. "తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ లాయరు పని చేసుకుంటానే నాటకాలు ఆడినాడు గదరా" అంటాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఫీజు మాత్రం కట్టినాడు.

ఆ యూనివర్సిటీలో చదివినవాళ్లెవరైనా ఉంటే, హాస్టల్ ఎప్పుడిస్తారో కాస్త చెప్పండి.