నాలుగు లోడ్ సెల్స్, ఒక ఏడీఎస్1256: ఒక మూల నొక్కితే పక్క మూల అంకె లేస్తోంది

గుంటూరు మిర్చి:
అందరికీ నమస్తే. మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డుకి పంపేముందు ఇంటి దగ్గరే ఒకసారి తూచుకుందామని ప్లాట్‌ఫామ్ కాటా కడుతున్నా. మూలకొకటి చొప్పున నాలుగు బీమ్ లోడ్ సెల్స్ (బరువుని చిన్న వోల్టేజ్‌గా మార్చే సెన్సర్లు), ఒక్కోటి 100 కిలోలది, 350 ఓమ్స్, పూర్తి బరువు మీద ఇచ్చిన ఒక్కో వోల్టుకి 2 మిల్లీవోల్టులు వస్తాయి. ఎరుపు, నలుపు సప్లై వైర్లు నాలుగింటివీ కలిపి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీద యూఎస్‌బీ 5 వోల్టులకి ఇచ్చా. ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్ జతలు మాత్రం విడివిడిగా ఏడీఎస్1256 (వోల్టేజ్‌ని అంకెగా మార్చే చిప్) మాడ్యూల్లో 0-1, 2-3, 4-5, 6-7 ఇన్‌పుట్లకి వెళ్తున్నాయి, గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) 64. ఒక్కో ఛానల్ విడిగా చదివితే బాగుంది. నాలుగూ వరసగా చదివే లూప్ పెడితే ఒకటో మూల నొక్కినప్పుడు రెండో మూల అంకె లేస్తోంది, నాలుగోది నొక్కితే ఒకటోది. పైగా 50 కిలోలు పెడితే పొద్దునకీ మధ్యాహ్నానికీ 60, 70 గ్రాములు తేడా. వారం నుంచి ఇదే టెన్షన్. పోనీ నాలుగూ కలిపేసి హెచ్‌ఎక్స్711కి (కాటాల కోసం చేసిన ఇలాంటి చిప్‌కే) ఇచ్చేయనా?

సోల్డర్ వాసన:
కలపకండి, మీ వైరింగ్ బాగానే ఉంది. అంకెలు సరిగ్గా ఒక్క స్థానం జరిగాయి కదా, అది కోడ్ తప్పు. మక్స్ (ఛానల్ ఎంచుకునే స్విచ్) మార్చి, కొత్త కొలత మొదలుపెట్టే సింక్, వేకప్ కమాండ్లు పంపి వెంటనే డేటా చదివితే వచ్చేది పాత ఛానల్ విలువ. ఆ చిప్ పద్ధతే అది, పాతది చదువుకునేలోపు కొత్తది సెటిల్ అవుతుంది. వేకప్ తర్వాత డేటా రెడీ పిన్ (కొత్త విలువ సిద్ధమని చెప్పేది) కిందికి వచ్చేదాకా ఆగి అప్పుడు చదవండి, లేదా చదివిన విలువని అంతకుముందు ఛానల్ ఖాతాలో వేయండి. రీడ్ కమాండ్‌కీ మొదటి బైట్‌కీ మధ్య దాదాపు 7 మైక్రోసెకన్లు ఆగడం మరవకండి. వేగం సెకనుకి 50 శాంపిల్స్ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని నుంచి సిగ్నల్‌లో కలిసే హమ్ అక్కడే పోతుంది, ఛానల్‌కి 20 మిల్లీసెకన్లే పడుతుంది.

రెండో సమస్యే, అంటే పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడానే, అసలుది. 5 వోల్టుల మీద 100 కిలోలకి మీకొచ్చేది 10 మిల్లీవోల్టులు, అంటే 10 గ్రాములకి ఒక్క మైక్రోవోల్టు. నాలుగు సెల్స్ లాగేది 57 మిల్లీఆంపులు. బ్రెడ్‌బోర్డు కాంటాక్టులో 0.1 ఓమ్ పెరిగినా 5.7 మిల్లీవోల్టులు పడిపోతాయి, 50 కిలోల మీద అది 57 గ్రాములు. యూఎస్‌బీ వోల్టేజ్ కదలడం దీనికి అదనం. ఈ మాడ్యూళ్ల మీద మామూలుగా 2.5 వోల్టుల రిఫరెన్స్ (చిప్ సిగ్నల్‌ని పోల్చి కొలిచే వోల్టేజ్) విడిగా ఉంటుంది, దానికి మీ 5 వోల్టులు పడిపోయిన సంగతి తెలియదు. అందుకే సెల్స్‌కి వెళ్లే వోల్టేజ్‌నే సగం చేసి రిఫరెన్స్‌గా ఇవ్వండి, అప్పుడు రెండూ కలిసి కదులుతాయి. నేరుగా 5 వోల్టులు మాత్రం ఇవ్వొద్దు, రిఫరెన్స్ పిన్‌కి గరిష్ఠం 2.6 వోల్టులు. రెండు రెసిస్టర్లతో సరిపెట్టకండి, ఆ పిన్ కరెంట్ లాగుతుంది, మధ్యలో ఆప్ ఆంప్ బఫర్ (వోల్టేజ్ మారకుండా కరెంట్ అందించేది) ఉండాలి. హెచ్‌ఎక్స్711లో ఈ గొడవ ఉండదు, దాని రిఫరెన్స్ సెల్ సప్లై నుంచే వస్తుంది.

కాటా మెకానిక్:
మొత్తం బరువొక్కటే కావాలంటే జంక్షన్ బాక్సులో నాలుగూ కలపడం తప్పేం కాదు, మా కాటాలన్నీ అలాగే ఉంటాయి. కానీ కలిపితే వచ్చేది నాలుగింటి సగటు, ఒక సెల్ పాడైతే ఏదో తెలియక ఒక్కోటీ విప్పి చూడాలి. విడిగా చదివితే మూల సవరణ కూడా పాట్ (తిప్పి మార్చే రెసిస్టర్) తిప్పకుండా కోడ్‌లోనే గుణకంతో చేసుకోవచ్చు. ఒకే బస్తాని నాలుగు మూలల్లో మార్చి మార్చి పెట్టి చూడండి, మొత్తం మారకూడదు. ఇంకో మాట, పై ప్లేటుని నాలుగు సెల్స్‌కీ బిగించేశారా? ఎండకి ఇనుము సాగి సెల్స్‌ని పక్కకి లాగుతుంది, కాళ్ల దగ్గర కాస్త ఆట ఉండాలి. ఈ కాటా మీద అమ్మకాలు చేయకండి, తూనికలు కొలతల శాఖ ముద్ర లేనిది వ్యాపారానికి చెల్లదు.

గుంటూరు మిర్చి:
అమ్మకానికి కాదండీ, యార్డు తూకంతో సరిచూసుకోవడానికే. డేటా రెడీ కోసం ఆగి చదివితే మూలలు సరిపోయాయి, చాలా థాంక్స్. బ్రెడ్‌బోర్డు తీసేసి వైర్లు సోల్డర్ చేశా, తేడా 20 గ్రాములకి దిగింది. ప్లేటు బిగించే ఉంది, రేపు రెండు పక్కల బోల్టులు వదులు చేసి మధ్యాహ్నం ఎండలో మళ్లీ తూచి చెప్తా. బఫర్‌కి ఏ ఆప్ ఆంప్ వాడమంటారు?