డాక్టరు మాత్రంటే భయం, డబ్బా పౌడరంటే భక్తి: మా తమ్ముడి గొడవ తేల్చండి

ఎంవీపీ అక్క:
మా తమ్ముడికి 31. వైజాగ్ రుషికొండలో ఐటీ ఉద్యోగం. సంక్రాంతి నుంచి మనిషి మనిషిలా లేడు. తెల్లారి మూడింటికే మెలకువ, తిండి సయించదు, క్రికెట్ వస్తున్నా టీవీ వైపు చూడడు. బతిమాలి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. మూడు వారాలు వేసుకుని, "ఇది కెమికలక్కా, అలవాటైపోతుంది" అని ఒక్కసారిగా మానేశాడు. ఇప్పుడు వాడి బల్ల మీద అశ్వగంధ, మెగ్నీషియం, చేపనూనె గుళికలు, జుట్టుకని బయోటిన్, మల్టీవిటమిన్, విటమిన్ డి సాచెట్లు, వే ప్రొటీన్ డబ్బా. నెలకి ఆరేడు వేలు. ఇవి మాత్రం కెమికల్ కాదట, "నేచురల్" అట.

నాన్నగారిది ఇంకో పాట: "పొద్దున్నే లేచి బీచ్ రోడ్డు మీద నడిస్తే అన్నీ పోతాయి." ముగ్గురం మూడు దార్లలో ఉన్నాం. మాత్ర నిజంగా అవసరమా? తిండీ నడకా చాలవా?

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:
అమ్మా, మీ నాన్నగారి మాటే నా మాట. తెలుగువాళ్ల డైట్ల చరిత్రంతా మా వంటింట్లోనే నడిచింది. మంతెన సత్యనారాయణ రాజు గారి మాట విని ఉప్పూ నూనే మానేశాం, ఇల్లంతా చప్పిడి పథ్యం. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్నారు. ఒకరు వద్దన్న నూనె ఇంకొకరికి మందు! ఆ తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు: కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు. మా అమ్మ బియ్యం కొనలేక చోడి (రాగి) అంబలి తాగింది. ఇప్పుడు చోళ్లు ఒక్కోచోట బియ్యం కంటే ఖరీదు. ఎవర్ని నమ్మాలి?

మందులూ అంతే. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే డిప్రెషన్ అని ఏళ్ల తరబడి చెప్పారు. 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ వడగట్టి చూసి, దానికి గట్టి ఆధారం లేదన్నారు. మరి ఆ మాత్ర దేన్ని బాగుచేస్తున్నట్టు? మా రోజుల్లో షిఫ్టు దిగి ఇంటికొస్తే పడుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు.

గాజువాక మందుల షాపు:
బాబాయ్ గారూ, మీరు చెప్పిన 2022 సంగతి నిజమే. కానీ అందులో తేలింది "సెరటోనిన్ తగ్గడమే కారణం" అన్న కథకి బలం లేదని. మాత్ర పనిచేయదని కాదు. కారణం తెలియకపోయినా మందు పనిచేయొచ్చు. జ్వరానికి పారాసిటమాల్ వేస్తాం, అది లోపల ఎలా పనిచేస్తుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో 21 రకాల డిప్రెషన్ మందుల మీద 522 ట్రయల్స్ కలిపి చూశారు. అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే. అద్భుతాలు కావు, ఓ మోస్తరు మెరుగు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకోవాలి.

ఇక కౌంటరు ఇవతల నుంచి నాకు కనిపించేది చెబుతాను. రోజూ సాయంత్రం ఒకరిద్దరు వచ్చి "నిద్రకి చిన్న మాత్ర ఇవ్వు" అని చీటీ లేకుండా ఆల్ప్రాజోలామ్ అడుగుతారు. నిజంగా అలవాటయ్యేది అది. 2014 నుంచి హెచ్1 షెడ్యూల్లో, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, చీటీ చూసి రిజిస్టర్లో రాసుకునే ఇవ్వాలి. ఇవ్వనంటే పక్క షాపు పేరు చెప్పి బెదిరిస్తారు. అదే మనిషికి డాక్టరు ఎస్సిటాలోప్రామ్ రాస్తే "బాబోయ్, అది అలవాటవుద్దట" అంటాడు. ఎస్సిటాలోప్రామ్ మీద మోజు పట్టడం, రోజురోజుకీ డోసు పెంచుకుంటూ పోవడం ఉండదు. కాకపోతే ఒక్కసారిగా ఆపితే కొందరికి తల తిరుగుతుంది, కలత నిద్ర, తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. అందుకే డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా దించాలి. పైగా ఇది అందుకోవడానికే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీవాడు సరిగ్గా గుణం కనిపించే వేళకి మానేశాడు మేడమ్.

ఆ డి సాచెట్లు ఎలా వాడుతున్నాడో ముందు అది చూడండి. 60,000 యూనిట్లది మామూలుగా వారానికొకటి, అదీ కొన్ని వారాలే. మా దగ్గరికి ఒకాయన వచ్చి నెలకి ముప్పై కావాలన్నాడు. రోజుకొకటి పాలల్లో కలుపుకుంటున్నాడట! అది ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీల మీదికి వస్తుంది. అశ్వగంధతో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. హార్మోన్ల మీద పనిచేస్తుందన్న భయంతో డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. ప్రొటీన్ డబ్బాల సంగతి: మన దేశంలో అమ్మే 36 రకాలను పరీక్షించి 2024లో ప్రచురించారు, దాదాపు 70 శాతం వాటి మీద రాసిందొకటి, లోపలున్నది ఇంకొకటి. డాక్టరు మాత్రని అనుమానించే కళ్లతోనే ఈ డబ్బాలనీ చూస్తే నాకు ఏ పేచీ లేదు.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:
బాగా చెప్పావు బాబూ. ఇంతకీ ఆ డబ్బాలు మీ షాపులో అమ్మరా?

గాజువాక మందుల షాపు:
అమ్ముతాం బాబాయ్. ముందు అరలో పెట్టి మరీ అమ్ముతాం. మాత్ర మీద మిగిలేదాని కంటే డబ్బా మీద మిగిలేది ఎక్కువ. అబద్ధం ఆడను.

సీతమ్మధార పిన్ని:
ఆ మాత్రలు మింగినదాన్ని నేను. అందుకే చెబుతున్నాను.

మేం శాకాహారులం, నాకు షుగర్, ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్. నీరసం, మతిమరుపు, పాదాల్లో చీమలు పాకినట్టు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం. మా ఇంట్లో "వయసమ్మా" అన్నారు. రక్తపరీక్షలో బీ12 అడుగంటింది. అది మాంసం, చేప, గుడ్డు, పాలలోనే దొరుకుతుంది, పైగా మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తుందని ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఇంజెక్షన్లు చేయించుకుంటే చీమలు పోయాయి, కాస్త ఓపికా వచ్చింది. ఏడుపు మాత్రం పోలేదు. పప్పు తాలింపు వేస్తూ ఏడ్చేదాన్ని. అందుకే, విటమిన్లన్నీ బూటకం అనేవాళ్లూ నాకు నచ్చరు, విటమిన్‌తోనే అంతా పోతుందనేవాళ్లూ నచ్చరు. ఎంవీపీ అమ్మాయీ, ముందు తమ్ముడికి బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించారా?

తర్వాత మా అబ్బాయి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్దామన్నాడు. మన ఊళ్లో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "చినవాల్తేరు పంపండ్రా" అని, అక్కడి మెంటల్ ఆసుపత్రిని తలచుకుని నవ్వుతాం కదా, నేనూ నవ్వినదాన్నే. ఆటో ఎక్కాక ఆ మాటే చెవిలో మోగింది. డాక్టరు నాతో మాట్లాడింది ఐదు నిమిషాలు. బరువు పెరుగుతావని గానీ, మొదటి పది రోజులు కడుపులో వికారం ఉంటుందని గానీ చెప్పలేదు. నాలుగు కిలోలు పెరిగాను. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను కూడా. ఐదో వారంలో ఒకరోజు రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటూ, లేతవి దొరికాయని సంతోషపడ్డాను. వంకాయలకి సంతోషపడి ఎన్నాళ్లయిందో!

రిటైర్డ్ అన్నయ్యగారూ, నడక మంచిదే. డిప్రెషన్ తగ్గించడానికి నడక పనికొస్తుందని డాక్టర్లే అంటారు. కానీ మంచం దిగలేకపోవడమే జబ్బయినప్పుడు "లేచి నడువు" అంటే, కాలు విరిగినవాణ్ని పరిగెత్తమన్నట్టే.

ఏయూ హాస్టల్ కుర్రాడు:
డబ్బు లేనివాళ్ల కోసం: టెలిమానస్, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే హెల్ప్‌లైన్, 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్లో కేంద్రం మొదలుపెట్టింది. పరీక్షలప్పుడు నేను చేశాను. ఇంకోటి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులకిచ్చినట్టే వీటికీ ఇవ్వాలి. అక్కా, తమ్ముడి పాలసీ తీసి చదవండి.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:
పిన్నిగారి వంకాయల దగ్గర ఆగిపోయాను.

మా సెక్షన్లో ఒకతను ఉండేవాడు. మంచి పనిమంతుడు. ఉన్నట్టుండి డ్యూటీకి రావడం తగ్గించాడు. వచ్చినా క్యాంటీన్లో మూల కూర్చునేవాడు. మేం బద్ధకం అన్నాం, గాలి సోకిందన్నాం, సింహాచలం తీసుకెళ్లి మొక్కించాం. తర్వాత ఇంటి దగ్గరే ఉండిపోయాడు. మా రోజుల్లో డిప్రెషన్ లేదని రాద్దామనుకుని మొదలుపెడితే అతనే గుర్తొచ్చాడు.

అయినా ఒక పట్టు వదలను. ఆ మాత్ర ఎన్నాళ్లు వాడాలి, ఎలా ఆపాలి, ఏ ఇబ్బంది రావచ్చు, ఈ మూడూ మొదటిరోజే చెప్పాలి. ఐదు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టి పంపేస్తే కుర్రాడు యూట్యూబ్‌లో వెతుక్కోక ఏం చేస్తాడు? అక్కడ చెప్పేవాడు గంటసేపు ఓపిగ్గా చెబుతాడు, చివర్లో డబ్బా అమ్ముతాడు.

గాజువాక మందుల షాపు:
ఇది మాత్రం ఒప్పుకున్నాను బాబాయ్. చేపనూనె గుళిక డబ్బుతో హార్బర్లో కానాగంత చేపలు బోలెడు వస్తాయి, అదీ చెప్పేవాడు లేడు.

ఎంవీపీ అక్క:
రాత్రి వాణ్ని కూర్చోబెట్టి డబ్బాలన్నీ భోజనాల బల్ల మీద పోసి లేబుళ్లు చదివాం. మల్టీవిటమిన్లో డి ఉంది, మెగ్నీషియం డబ్బాలోనూ ఉంది, పైన సాచెట్లు. అవి రెండ్రోజులకొకటి వేసుకుంటున్నాడట. నా గుండె జారింది, వాడు మాత్రం చాన్నాళ్లకి నవ్వాడు. సాచెట్లు ఆపేశాడు. మానేసిన వారంలో తల తిరిగిందని కూడా అప్పుడే బయటపెట్టాడు. "మందు పడకనే అలా అయిందనుకున్నా" అన్నాడు.

శనివారం వేరే సైకియాట్రిస్టు దగ్గర అపాయింట్‌మెంట్. వాడి షరతు: డబ్బాలన్నీ తీసుకెళ్లి చూపిస్తాడు, వేటిని తీసెయ్యాలో డాక్టరు కారణంతో చెప్పాలి. నాన్నగారు ఏమీ అనలేదు. "కారు నేను నడుపుతాను, పార్కింగ్ దొరకదు" అన్నారంతే.

గాజువాక మందుల షాపు:
మంచిది మేడమ్. రక్తపరీక్షలు రాస్తే బయోటిన్ వాడుతున్నాడని ముందే చెప్పండి. అది ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. ఎన్ని రోజులు ఆపాలో వాళ్లే చెబుతారు. తెరవని డబ్బాలుంటే బిల్లుతో సహా కొన్నచోటికే తీసుకెళ్లండి, నా దగ్గరికి మాత్రం తేకండి.