నెత్తిమీద స్విమ్మింగ్ పూల్, సీలింగ్‌కి చెమ్మ: ఎవరిని పిలవాలి?

అందరికీ నమస్కారం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 18వ అంతస్తులో ఉంటాం. సరిగ్గా మా హాలు మీదే టెర్రస్ పూల్. కొనేటప్పుడు అదో గొప్ప అనుకున్నాం లెండి.

రెండు నెలలుగా సీలింగ్‌కి చెమ్మ, పెచ్చులు. బిల్డర్ మనుషులేమో వాననీరు అంటున్నారు. వాన పడి మూడు వారాలైంది! అందుకే బకెట్ పరీక్ష చేశాను. పూల్ నీళ్లే బకెట్‌లో పోసి, పూల్ మెట్టు మీద పెట్టి, రెండింటి మట్టానికీ గీత గీశాను. ఆ రోజు ఎవరూ ఈదలేదు, పంపు కట్టేశారు. 24 గంటల్లో బకెట్‌లో 5 మిల్లీమీటర్లు తగ్గితే, పూల్‌లో 18. ఆవిరైతే రెండూ ఒకేలా తగ్గాలి కదా? పూల్ పొడవు 12 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. అంటే రోజుకి దాదాపు 780 లీటర్లు ఎటో పోతున్నాయి.

లోతు 1.2 మీటర్లు, మొత్తం 72 టన్నుల నీళ్లు. శ్లాబులోని ఇనుము తుప్పు పడుతుందేమోనని మా ఆవిడకి నిద్ర లేదు.

లీకు పైపు దగ్గరా, వాటర్‌ప్రూఫింగ్ పొరలోనా అన్నది టైల్స్ పగలగొట్టకుండా తేల్చవచ్చా? స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని ముందు పిలవాలా, పూల్ వాళ్లనా? ఖర్చు అసోసియేషన్ భరించాలా, బిల్డరా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.